గ్యారంటీ ఇవ్వని డాక్టరమ్మ

నువ్వుల నూనెలో వావిలాకు రసం కాగుతున్నప్పుడు ఒక దశలో వాసన మారుతుంది. మొదట పచ్చిగా, ముక్కు చీదరించుకునేంత ఘాటుగా ఉంటుంది. నీరంతా ఇగిరిపోయి చిటపటలు ఆగే వేళకు కమ్మగా మారుతుంది. ఈ రోజు ఉదయం తిరుపతిలోని నా చిన్న క్లినిక్ వెనక గదిలో నూనె కాస్తూ నిలబడ్డాను. సరిగ్గా ఆ వాసన మారిన క్షణంలో "దించేయి పాపా, ఇంగేం సూస్తా ఉండావు?" అన్న మాట వినబడినట్టయింది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు. ఆ మాట అనే మనిషి చనిపోయి ఏడాది దాటింది. ఆమె పేరు వనజాక్షి. పుత్తూరులో చాలాకాలం ఆయుర్వేద వైద్యం చేసిన డాక్టరు. చదువు పూర్తయిన కొత్తలో నేను ఆమె దగ్గర చేరాను. నా చదువుకు సర్టిఫికెట్ ఇచ్చింది కాలేజీ. ఆ చదువుతో ఏం చేయవచ్చో, ముఖ్యంగా ఏం చేయకూడదో నేర్పింది ఆమె.

మా ఊరు చిత్తూరు పక్కన. నాయన సేద్యం చేసేవాడు. నన్ను డాక్టరును చేయాలని ఆయనకు చాలా ఆశ. ఎంబీబీఎస్ సీటు రాలేదు, ఆయుర్వేదం సీటు వచ్చింది. బంధువుల ఇళ్లలో పెళ్లికి వెళితే "సునీత ఆకు డాక్టరు అయిందంట" అని నవ్వేవాళ్లు. నాయన తల దించుకునేవాడు కాదు గానీ, మాట మార్చేసేవాడు. అలాంటి రోజుల్లో ఎవరో చెబితే పుత్తూరు వెళ్లి వనజాక్షి గారిని కలిశాను. పొట్టిగా, నిండుగా, జరీ లేని నేత చీరలో ఉన్నారు. ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. నా మార్కులు అడగలేదు. "ఈ చదువు ఇష్టపడి చదివినావా, ఆ చదువు రాక చదివినావా?" అని అడిగారు.

"ఆ చదువు రాకే మేడమ్" అన్నాను.

"మంచిది. రేపు పొద్దున వచ్చెయ్. ఇష్టం నిదానంగా వస్తుంది. నిజం చెప్పడం మాత్రం ముందే రావల్ల" అన్నారు.

పుత్తూరు బస్టాండులో దిగిన వాళ్లలో చేతికో కాలికో గుడ్డ చుట్టుకున్న మనిషి ఎప్పుడూ ఒకరు ఉంటారు. ఎముక విరిగితే కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం ఆ ఊరికి వస్తారు. దారి తెలియని వాళ్లు కొందరు మా క్లినిక్‌లోకి వచ్చేవారు. మేడమ్ వాళ్లకు దారి చెప్పి పంపేవారు. ఒకరోజు ఆటోలోంచి ఒక లారీ క్లీనరును మోసుకొచ్చారు. మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికి కనబడుతోంది. పైన కట్టిన గుడ్డ నెత్తుటితో తడిసి బరువెక్కింది. ఆసుపత్రిలో చేర్చి, అక్కడి నుంచి చెప్పకుండా తీసుకొచ్చేశారు. మేడమ్ గాయాన్ని శుభ్రమైన గుడ్డతో కప్పుతూనే, వెంట వచ్చిన అన్నను అడిగారు.

"ఆసుపత్రి వద్దనుకొని ఎందుకు వచ్చినారప్పా?"

"ఆడ కాలు తీసేస్తారు మేడమ్."

"తీసేస్తామని డాక్టరు చెప్పినాడా?"

"డాక్టరు ఏమీ చెప్పలేదు. పక్క మంచం వాళ్లు చెప్పినారు. వాళ్లాయనకి తీసేసినారంట."

మేడమ్ వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేయించారు. అది వచ్చేలోపు అతని ఎదురుగా కూర్చుని, చర్మం చీలిన గాయానికి కట్టు ఎందుకు పనికిరాదో, మట్టి చేరితే ఏమవుతుందో, ఇప్పుడే వెనక్కి వెళితే కాలు దక్కే అవకాశం ఎంత మెరుగ్గా ఉంటుందో చేతులతో చూపిస్తూ చెప్పారు. "పోయినాక డాక్టర్ని నువ్వే అడుగు, కాలు ఉంటుందా అని. ఆయన చెప్పేదాకా కదలొద్దు" అన్నారు. కాలు దక్కిందని తర్వాత కబురు వచ్చింది. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆమె అడిగిన ఆ ప్రశ్న. మా దగ్గరికి వచ్చిన ప్రతి మనిషినీ నాడి చూడకముందే అదే అడిగేవారు. ఎక్కడ వద్దనుకుని ఇక్కడికి వచ్చావు, ఎందుకు?

జవాబులు ఒక్కో రకంగా ఉండేవి. నొప్పి మాత్రలకు కడుపు మండిపోతోందని కొందరు. జీవితాంతం వాడాలంటే మనసు ఒప్పడం లేదని కొందరు. ఆసుపత్రికి వెళితే రోజంతా కూలి పోతుందని, లైను చివరికి చేరేసరికి డాక్టరు తల ఎత్తకుండానే చీటీ రాసిస్తాడని చాలామంది. కరోనా తర్వాత ఈ రాకడ మరీ పెరిగింది. ఇంటింటా కషాయం కాచారు, ఫోనులో వీడియోలు చూశారు, ఆకుల మీద నమ్మకం పెరిగింది, ఆసుపత్రి అంటే భయమూ పెరిగింది. మా బెంచీలు చాలక వరండాలో చాపలు పరిచేవాళ్లం. నాకు అది సంతోషంగా ఉండేది. ఆకు డాక్టరు అని నవ్విన బంధువులే మోకాళ్ల నొప్పులకు నూనె అడుగుతూ ఫోన్ చేసేవారు. మేడమ్ మాత్రం ఒకరోజు వరండా వైపు చూస్తూ, "ఇంతమంది మనమీద నమ్మకంతోనే వచ్చినారనుకోవద్దు పాపా. సగం మంది భయపడి వచ్చినారు. ఆ సగాన్ని కనిపెట్టకపోతే మన చేతుల్లో మనిషి పోతాడు" అన్నారు.

ఆ సగంలోని మనిషే సెల్వి. నగరిలో పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసే ఆమె. భర్త కుమారు కూడా మగ్గం పనే. నలభై దాటని వయసు, గట్టి మనిషి. వచ్చి కూర్చుని చాలాసేపు తలనొప్పి గురించి చెప్పింది. మేడమ్ వింటూ వింటూ కుమారును బయట కూర్చోమన్నారు. అప్పుడు సెల్వి చీర కొంగు మీద చేయి పెట్టుకుని, "ఈడ గడ్డ ఉండాది మేడమ్" అంది. తెర వేసి పరీక్ష చేశారు. చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేదాకా మేడమ్ ముఖంలో ఏమీ కనబడలేదు.

"ఎన్నాళ్లాయ?"

"పోయిన మామిడికాయల కాలం నుంచి."

"ఎవరికన్నా చూపించినావా?"

"ఒకసారి ఆసుపత్రికి పోయినా. సూది పెట్టి తీసి చూడాలన్నారు. మళ్లా పోలేదు. ఆయుర్వేదంలో కోత ఉండదు గదా మేడమ్, కరిగేదానికి మందు ఇయ్యండి."

మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది నా మందుకి కరిగేది కాదు సెల్వీ. ఏందో తేలాలంటే ఆ సూది పరీక్ష కావల్ల. నేను కరిగిస్తానని చెప్పి నిన్ను ఈడ కూసోబెట్టుకుంటే, నిన్ను నేనే చంపినట్టే."

సెల్వి లేచి వెళ్లిపోయింది. కుమారు గుమ్మం దగ్గర ఆగి, "గ్యారంటీ ఇచ్చేవాళ్లు ఉండారు మేడమ్. బార్డరు అవతల ఒకాయన ఆకు పొడితోనే కరిగిస్తాడంట. మీరు ఆడమనిషి, ఆడదాని బాధ తెలుస్తుందని ఈడికి తెచ్చినా" అన్నాడు. కోపంగా కాదు, నిరాశగా. వాళ్లు మళ్లీ వస్తారేమోనని కొన్ని వారాలు ఎదురు చూశాం. రాలేదు. ఒక శనివారం ఆమె నాతో, "రేపు నగరి పోదాం. ఆమెకు నిజం చెప్పినా గానీ, నిజం చెప్పి పంపించేస్తే సగం పనే చేసినట్టు. అందరినీ అడిగేది ఆ దినం ఆమెను అడగలేదు నేను" అన్నారు.

నగరిలో ఆ వీధిలోకి మలుపు తిరగ్గానే మగ్గాల చప్పుడు గుండెల్లోకి వస్తుంది. అక్కడివాళ్లు గొంతు పెంచి మాట్లాడటం నాకు మొదట గొడవలా వినిపించింది. సెల్వి మమ్మల్ని చూసి బిత్తరపోయింది. ఇంటి వెనక సందులోకి తీసుకెళ్లింది, అక్కడ కొంచెం చప్పుడు తక్కువ. మేడమ్ మెట్టు మీద కూర్చుని, ఇచ్చిన టీ తాగి, మందుల మాటే ఎత్తకుండా అడిగారు. "ఆ ఆసుపత్రికి పోయిన దినం ఏం జరిగింది సెల్వీ? మొదట్నుంచి చెప్పు."

సెల్వి చాలాసేపు గోడకు పట్టిన నూలు దూదిని గోటితో గీకింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "తెర లేదు మేడమ్. రవిక విప్పమన్నారు. ఒక సారు, సుట్టూ చదువుకునే పిల్లోళ్లు. నా మీద చెయ్యి పెట్టి ఇంగ్లీషులో ఏందేందో చెప్తా ఉండారు. ఒకరి తర్వాత ఒకరు పట్టి సూసినారు. నన్ను సూసినారు గానీ, నాతో ఎవరూ మాట్లాడలేదు. బయటికి వచ్చినాక కుమారు అడిగినాడు, ఏం చెప్పినారని. ఏం చెప్పేది? కోత అంటే భయం కాదు నాకు. ఇద్దరు బిడ్డల్ని ఆపరేషను చేసే తీసినారు. మళ్లా ఆ బల్ల మీద అట్ల పడుకోవాలంటే మాత్రం నా వల్ల కాదు. ఆ పొడాయన దూరంగా కూసోబెట్టి మాట్లాడతాడు. తాకడు."

మేడమ్ ముఖం ఎర్రబడింది. ఆమెకు అంత కోపం రావడం నేను ఎప్పుడూ చూడలేదు. కానీ గొంతు పెంచలేదు. సెల్వి చేయి పట్టుకుని, "నీకు జరిగింది తప్పు. అది నీ తప్పు కాదు. కానీ వాళ్లు చేసిన తప్పుకి నువ్వు సావకూడదు. ఇంగో ఆసుపత్రికి పోదాం, నేను వస్తా" అన్నారు.

"మీరు వస్తారా?"

"వస్తా. ఆడ డాక్టరమ్మ చూసేదాకా కదలం. తెర లేకుండా నువ్వు రవిక విప్పవు. గడ్డకి గ్యారంటీ నేను ఇయ్యలేను. నేను నీ పక్కన నిలబడుకొని ఉంటా, దానికి మాత్రం గ్యారంటీ ఇస్తా."

సెల్వి వెంటనే ఒప్పుకోలేదు. ఆ పొడి మానను అంది. పొడిలో ఏముందో తెలియదని, అది మానకపోతే ఆసుపత్రి మందుతో కలిసి కాలేయానికి భారం అవుతుందని మేడమ్ విడమరిచి చెప్పారు. మీ కషాయమైనా ఇస్తారా అని అడిగింది. "నిద్రకీ, ఆకలికీ ఇస్తా. అదీ ఆ డాక్టరుని అడిగినాకే" అన్నారు. అప్పటిదాకా వెనక గుమ్మంలో నిలబడి ఉన్న కుమారు, "పో సెల్వీ. మేడమ్ నాలుగు వారాలైనా మనల్ని వెతుక్కొని వచ్చినారు. ఆ పొడాయన మనం సచ్చినామా బతికినామా అని ఒక ఫోన్ కూడా చేయలేదు" అన్నాడు.

తిరుపతిలో మేం వెళ్లిన ఆసుపత్రిలో ఉదయం నుంచి నిలబడ్డాం. మా వంతు వచ్చినప్పుడు లోపల మగ డాక్టరు ఉన్నారు. మేడమ్ వంతు వదిలేసి, లేడీ డాక్టరు కావాలని అడిగారు. నర్సు విసుక్కుంది. ఇంకా ఆలస్యమవుతుందంది. "అయినా పర్వాలేదమ్మా" అని మేడమ్ మళ్లీ లైనులో నిలబడ్డారు. ఆమె మోకాళ్లకు అప్పటికే అరుగుదల ఉంది, కూర్చోమంటే వినలేదు. చివరికి లోపలికి వెళ్లాం. సర్జన్ నా వయసు మనిషి, కళ్ల కింద నలుపు. గడ్డ ఎన్నాళ్ల నుంచి ఉందో, వెంట వచ్చింది ఎవరో సెల్వి చెప్పగానే కోపంగా మేడమ్ వైపు తిరిగింది.

"మీరు ఆయుర్వేదం డాక్టరా? ఇన్నాళ్లూ ఆకులు నూరి ఇస్తూ కూర్చున్నారా?"

నాకు ముఖం మండిపోయింది. మేడమ్ మాత్రం, "ఆలస్యం అయిన మాట నిజమే డాక్టర్. అందుకే నేనే పిలుచుకొని వచ్చినాను. ఈమెకు ఏం చేయబోతారో, ఎందుకు చేస్తారో ఈమెకే తెలుగులో చెప్పండి. పోయినసారి ఎవరూ చెప్పలేదు, అందుకే ఆలస్యం అయింది. ముందు ఆ తెర కొంచెం లాగండి" అన్నారు.

సర్జన్ లేచి తనే తెర లాగింది. పరీక్ష అయ్యాక స్టూలు సెల్వి దగ్గరికి జరుపుకుని కూర్చుని, సూది పరీక్ష ఏమిటో, తర్వాత ఏమేం జరగవచ్చో మెల్లగా చెప్పింది. బయట జనం తలుపు తోస్తున్నారు. మేం లేచేటప్పుడు ఆమె మేడమ్‌తో, "పొద్దున్నుంచి ఈ కుర్చీలోంచి లేవలేదు. అందరికీ ఇలా చెప్పాలనే ఉంటుంది. బయట చూశారుగా" అంది. మేడమ్ ఆమె భుజం తట్టి, "చూసినామ్మా. ఫోన్ నంబరు ఇయ్యి. చెప్పాల్సింది నాకు చెప్పు, నేను వీళ్లకి చెప్తా" అన్నారు.

తిరుగు బస్సులో నేను ఇంకా ఉడికిపోతూనే ఉన్నాను. మేడమ్ కిటికీలోంచి చూస్తూ అన్నారు. "ఆమె మీద కోపం పెట్టుకోవద్దు పాపా. ఆమెకు విద్య ఉండాది, టైము లేదు. మనకి టైము ఉండాది. కూసోబెట్టి అడుగుతాం, నిద్ర పట్టిందా, ఆకలి అవుతా ఉందా అని. జనం సగం దానికే నెమ్మదిస్తారు. అది మన మందు గొప్పతనం అనుకున్నామంటే మోసపోతాం." ఆ మాట చాలా రోజులు నన్ను ఇబ్బంది పెట్టింది. నేను చదివిన చదువును తక్కువ చేసినట్టనిపించింది. కానీ అదే వారం ఒక ముసలామె మోకాళ్లకు ఆమె ఎంత శ్రద్ధగా నూనె పట్టించి, కాపడం పెట్టి, నెల తిరిగేసరికి మెట్లు ఎక్కించారో కూడా చూశాను. ఆమెకు తన వైద్యం మీద నమ్మకం ఏమాత్రం తక్కువ కాదు. ఆ నమ్మకానికి హద్దు ఎక్కడో ఆమెకు తెలుసు.

పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ జరిగింది. తర్వాత కీమో మందుల సెలైన్లు. జుట్టు రాలింది, నోరు పూసింది, ఏం తిన్నా వాంతి. మధ్యలో సెల్వి, "ఇంగ చాలు, పొడే తింటా" అని పట్టుబట్టింది. మేడమ్ సర్జన్‌కు ఫోన్ చేసి, వాంతులకు మందు మార్పించారు. సర్జన్‌ను అడిగే అన్నం గంజి, దానిమ్మ రసం చెప్పారు. సెలైన్ ఎక్కించే రోజు నేనో మేడమో వెంట ఉండేవాళ్లం. ఒకసారి సెల్వి గుండు మీద చెంగు సర్దుకుంటూ, "తిరుపతికి వచ్చినాం గదా, గుండు చూసి మొక్కు అనుకుంటారులే" అని నవ్వింది. ఆ జబ్బు మొదలయ్యాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఇప్పటికీ ఏటా పరీక్షకు వస్తుంది. మగ్గం మానేసి, ఇంట్లోనే నూలు కండెలు చుడుతుంది.

అందరి విషయంలో అలా జరగలేదు. చెప్పినా వినక గ్యారంటీల వెంట వెళ్లినవాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరు చివరి దశలో తిరిగి వచ్చారు. మేడమ్ ఎవరినీ 'చెప్పలేదా' అనలేదు. నొప్పి తగ్గించే ఆసుపత్రి ఎక్కడుందో చూసి, వెంట వెళ్లారు.

తర్వాత ఆమె గుండెకే జబ్బు వచ్చింది. స్టెంటు వేశారు. ఆయుర్వేదం డాక్టరమ్మ ఇంగ్లీషు మందుకే పోయిందంట అని ఊరంతా పాకింది. జనం తగ్గిపోయి వరండాలో చాపలు తీసేశాం. నాలుగు మాటలు సర్దిచెప్పి, ఈ సంగతిని ఇంతటితో కప్పేయమని తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. ఆమె వినలేదు. అడిగిన ప్రతివాళ్లకూ ఉన్నదున్నట్టు చెప్పారు. బంగారుపాళ్యం నుంచి వచ్చే మామిడితోట రైతు ఒకాయన ముఖం మీదే అడిగేశాడు. "మీ మందు మీకే పని చేయలేదా మేడమ్?"

"ఎందుకు చేయలేదప్పా, మోకాలికి చేసింది. గుండెకి స్టెంటు చేసింది. నీకు గుండెలో పట్టేసినా నేను ఆడికే పంపిస్తా, ఇప్పుడే చెప్పి పెడతా ఉండా."

ఆయన పగలబడి నవ్వాడు. ఆ తర్వాత తోట నుంచి ఇంకో నలుగురిని తీసుకొచ్చాడు. పోయిన జనంలో కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. మేడమ్ అదే కుర్చీలో, అదే వేళకు కూర్చున్నారు. పోయిన ఏడాది ఎండాకాలంలో, క్లినిక్‌కు బయలుదేరుతూ గుమ్మంలోనే కూలిపోయారు. ఆసుపత్రికి చేర్చేసరికే అంతా అయిపోయింది. అంత్యక్రియలకు వచ్చినవాళ్లలో ఆ సర్జన్ ఉంది. సెల్వి ఉంది. నాయన కూడా చిత్తూరు నుంచి వచ్చాడు. మట్టి వేసి వచ్చాక, అక్కడున్న ఎవరితోనో "మా పాప ఈమె దగ్గర పని నేర్చుకునింది" అనడం విన్నాను. మాట మార్చలేదు.

ఆమె పోయాక తిరుపతిలో ఒక పెద్ద సెంటరు వాళ్లు నన్ను పిలిచారు. ఏసీ గదులు, మంచి జీతం. గోడ నిండా షుగరు మాత్రలు శాశ్వతంగా మానిపిస్తామన్న బోర్డు. ఆ బోర్డు కింద కూర్చోలేనని చెప్పి వచ్చేశాను. ఈ రెండు చిన్న గదులు తీసుకున్నాను. జనం తక్కువే. గ్యారంటీ అడిగి, ఇవ్వనంటే లేచిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొదట్లో వాళ్లను చూసి బెంగపడేదాన్ని. ఇప్పుడు వాళ్ల ఫోన్ నంబరు తీసుకుంటాను.

ఈ రోజు మధ్యాహ్నం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక యువకుడు వచ్చాడు. మూర్ఛ జబ్బు. మాత్రలు ఆపేశాడట. అవి వేసుకుంటే బెల్టు దగ్గర కాయలు ఏరుతూ నిద్ర వస్తోందని, సూపర్‌వైజరు ఇక రావద్దంటాడని భయం. "పని పోతే ఎట్ల మేడమ్? నిద్ర రాని మందు మీ దగ్గర ఉంటుందని వచ్చినా." అతనికి ఆ మాత్రలు ఆపితే ఎంత ప్రమాదమో చెప్పాను. ఆ మాత్ర రాసిన డాక్టరుకు ఈ నిద్ర సంగతి చెప్పావా అంటే, ఆయన అడగలేదు, నేను చెప్పలేదు అన్నాడు. నంబరు కనుక్కుని అతని ముందే ఫోన్ చేశాను. అవతల అటెండరు, సారు బిజీగా ఉన్నారు, తర్వాత చేయండి అన్నాడు.

"పర్వాలేదు బాబూ, సారు వచ్చేదాకా నేను లైనులోనే ఉంటాను" అన్నాను. ఆ కుర్రవాణ్ణి కూర్చోమని సైగ చేసి, ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాను.